ఇజిఎఫ్ఆర్ 129 వచ్చింది, ఎక్కువ ఉంటే మంచిదే కదా?

కొత్తపేట కుర్రోడు · శనివారం రాత్రి 9:14

అందరికీ నమస్కారం. వయసు 34, బరువు 92 కిలోలు, షుగర్ బయటపడి మూడేళ్లు. వాడేది మెట్‌ఫార్మిన్ ఒక్కటే. ఆఫీసులో ఏటా చేయించే పరీక్షల్లో ఈసారి క్రియాటినిన్ (కిడ్నీలు రక్తంలోంచి తీసేయాల్సిన చెత్త) 0.61, ఇజిఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత వడకడుతున్నాయో చెప్పే అంకె) 129 వచ్చాయి. పక్కనే "90 పైన నార్మల్" అని ఉంది. మా నాన్న ఆఖరి రెండేళ్లు డయాలసిస్ మీద ఉన్నారు. అందుకే రిపోర్టు రాగానే నేను ముందు వెతికేది ఆ అంకె. నిజం చెప్పొద్దూ, 129 చూసి ఇంట్లో అందరికీ చూపించుకున్నాను.

నిన్న డాక్టరు గారికి చూపిస్తే ఆయన ఏమీ మురిసిపోలేదు. "కిడ్నీలు అవసరానికి మించి వడకడుతున్నట్టున్నాయి, యూరిన్‌లో ఆల్బుమిన్ చూపించు" అని రాసిచ్చారు. బయట ఇంకో ఇరవై మంది కూర్చుని ఉన్నారు, వివరంగా అడగలేకపోయాను. ఎక్కువ వడకడితే ఒంట్లో చెత్త ఇంకా బాగా పోతుంది కదా? ఇందులో తప్పేముంది?

గుంటూరు ఘాటు · 9:31

నూటికి 129 మార్కులు వచ్చాయని దిగులు పడేవాణ్ని ఇప్పుడే చూస్తున్నా తమ్ముడూ. మా బావకి 38 అన్నారు, ఏడిస్తే ఆయన ఏడవాలి. హాయిగా పడుకో. సోమవారం పార్టీ ఇవ్వు.

ఫిజియాలజీ పంతులు · 10:20

గుంటూరు గారూ, అది మార్కు కాదండీ, తిరకాసంతా అక్కడే. మెడికల్ కాలేజీలో ఏటా ఈ పాఠం చెప్పేవాణ్ని కాబట్టి కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మామూలు కిడ్నీలు రెండూ కలిసి రోజుకి సుమారు 180 లీటర్లు వడకడతాయి. అందులో దాదాపు అంతా తిరిగి రక్తంలోకి పీల్చేసుకుని, లీటరున్నరో రెండో బయటికి పంపుతాయి. అంటే సరిపడా కాదు, సరిపడా కంటే చాలా ఎక్కువే ఇప్పటికే వడకడుతున్నాయి. ఇంకా పెంచితే ఒళ్లు ఇంకా శుభ్రపడేదేమీ లేదు.

ఇక ఎక్కువ ఎందుకు వడకడతాయి అన్నది. ఒక్కో కిడ్నీలో సగటున పది లక్షల నెఫ్రాన్లు, అంటే వడకట్టే చిన్న చిన్న యంత్రాలు ఉంటాయి. ప్రతిదాని మొదట్లో వెంట్రుక కంటే సన్నటి రక్తనాళాల ఉండ ఒకటి, అదే జల్లెడ. మాది కోనసీమ, నాకు తూములే గుర్తొస్తాయి. ఆ ఉండలోకి రక్తం వచ్చే దారికి ఒక తూము, పోయే దారికి ఒక తూము ఉన్నాయనుకోండి. షుగర్ ఉన్నవాళ్లలో వచ్చే తూము బార్లా తెరుచుకుంటుంది. పోయే తూమును యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ బిగించి పెడుతుంది. మధ్యలో నీటిమట్టం లేచి గట్టు మీద ఒత్తిడి పడుతుంది. ఆ ఒత్తిడికి వడపోత ఎక్కువవుతుంది, రిపోర్టులో అంకె అందంగా కనిపిస్తుంది. గట్టు సంగతి ఆ అంకె చెప్పదు.

ఆ గట్టును పట్టుకుని ఉండేవి పోడోసైట్లు అనే కణాలు. రాలిపోయినవాటి చోట కొత్తవి రావడం చాలా అరుదు. అవి తగ్గేకొద్దీ రక్తంలో ఉండాల్సిన ఆల్బుమిన్ అనే ప్రొటీన్ యూరిన్‌లోకి జారుతుంది, ఆ ఉండ మెల్లగా మచ్చకట్టి మూసుకుపోతుంది. దాని వాటా పని పక్కవాటి నెత్తిన పడుతుంది. పది మంది నాటాల్సిన మడిలో ఇద్దరు మానేస్తే మిగతా ఎనిమిది మంది వంచిన నడుం ఎత్తకుండా నాటాలి. వాళ్లలో ఇంకొకరికి నడుం పడుతుంది. మొదట్లో మడి మాత్రం టైముకే నిండుతుంది. అందుకే పైనుంచి చూసేవాళ్లకి ఏళ్ల తరబడి ఏమీ తెలియదు.

కుర్రోడు గారూ, మీకు అదే జరుగుతోందని నేను అనడం లేదు. ఆ ఆల్బుమిన్ పరీక్ష మాత్రం తప్పకుండా చేయించండి. దాని పేరు యూరిన్ ఏసీఆర్. పొద్దున్నే లేవగానే పోసే మొదటి యూరిన్ ఇవ్వండి.

డల్లాస్ పిన్ని · ఆదివారం ఉదయం 6:48

నేను డయాలసిస్ నర్సుని. పంతులు గారు చెప్పింది బాగుంది, ఒక్క ముక్క కలుపుతాను. ఈ ఇజిఎఫ్ఆర్ కొలిచిన అంకె కాదు బాబూ, క్రియాటినిన్, వయసు, ఆడా మగా అన్నవాటిని బట్టి సూత్రంలో వేసి తీసిన అంచనా. ముందున్న 'ఇ' అక్షరానికి అర్థమే అంచనా అని. తక్కువ అంకెల దగ్గర బాగానే చెబుతుంది, 90 దాటాక అంత నమ్మకం పెట్టుకోకూడదు. కొన్ని ల్యాబులు అంకె వేయకుండా "90 పైన" అని ఊరుకునేది అందుకే. పైగా ఎంత దాటితే 'అతి వడపోత' అన్నదానికి అందరూ ఒప్పుకున్న గీత లేదు. ఒకరు 120 అంటారు, ఒకరు 135, ఇంకొకరు 150. వయసుతో అది మామూలుగానే తగ్గుతుంది కాబట్టి పాతికేళ్లవాడికీ అరవై ఏళ్లవాడికీ ఒకే గీత గీయడమూ కుదరదు.

మల్లెతీగ · 8:15

ఇది చదివాక నాకు టెన్షన్ మొదలైంది. మా అమ్మకి 68 ఏళ్లు, షుగర్ లేదు, బీపీ ఉంది. బరువు 41 కిలోలు. కిందటి ఏడాది తుంటి విరిగి ఆరు నెలలు మంచం మీదే ఉంది. ఇప్పుడు క్రియాటినిన్ 0.4, ఇజిఎఫ్ఆర్ 108 వచ్చింది. ఈమెకి కూడా ఒత్తిడేనా? "ఈ వయసులో ఇంత మంచి కిడ్నీలా" అని అందరూ మెచ్చుకుంటే మోకాళ్లకి నొప్పి మాత్రలు కూడా ధైర్యంగా వేస్తున్నాం.

ఫిజియాలజీ పంతులు · 9:02

మల్లెతీగ గారూ, మీ అమ్మగారిది వేరే కథ. క్రియాటినిన్ పుట్టేది కండలోంచి. ఆరు నెలలు మంచం పట్టిన మనిషికి కండ కరిగిపోయి ఉంటుంది, అందుకే రక్తంలో క్రియాటినిన్ తక్కువ. సూత్రానికి కండ సంగతి తెలియదు, "క్రియాటినిన్ తక్కువ, అయితే కిడ్నీ భలే పనిచేస్తోంది" అనుకుంటుంది. 108 చాలావరకు కరిగిన కండ చూపిస్తున్న అంకె అయ్యుండొచ్చు. సిస్టాటిన్ సి అని ఇంకో రక్త పరీక్ష ఉంది, అది కండ మీద అంతగా ఆధారపడదు. డాక్టరు గారిని అడిగి చేయించండి. అది తేలేదాకా నొప్పి మాత్రలు మీ అంతట మీరు వేయకండి. డైక్లోఫెనాక్ లాంటివి వచ్చే తూమును బిగించేస్తాయి, పెద్దవాళ్లకి అది ప్రమాదం.

కండల కనకయ్య · 11:40

నాది రివర్స్ కేసు. వయసు 26, జిమ్ పిచ్చి, రోజుకి 150 గ్రాముల ప్రొటీన్, పైన క్రియాటిన్ పొడి. నా క్రియాటినిన్ 1.4, ఇజిఎఫ్ఆర్ 71. ఇంట్లో వే ప్రొటీన్ డబ్బా దాచేశారు. ప్రొటీన్‌కీ ఈ అతి వడపోతకీ ఏమైనా సంబంధం ఉందా?

డల్లాస్ పిన్ని · మధ్యాహ్నం 12:10

ఉంది నాయనా. ఒక పూట గట్టిగా మాంసం తింటే కొన్ని గంటలపాటు వడపోత పెరుగుతుంది, అది అందరికీ జరిగేదే. రోజూ పెరుగుతూ ఉంటే ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ పాడవుతుందా అంటే గట్టిగా అవునని తేలలేదు. షుగర్ ఉన్నా, ఆల్బుమిన్ జారుతున్నా, ఒకే కిడ్నీ ఉన్నా మాత్రం డబ్బా జోలికి పోకు. కిడ్నీ జబ్బు ముదిరే అవకాశం ఉన్నవాళ్లు కిలో బరువుకి రోజుకి 1.3 గ్రాములు దాటవద్దనే 2024 అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఉంది. నీ 1.4 సంగతి, ఆ పొడి కూడా క్రియాటినిన్ అంకెను పెంచుతుంది, కండ ఎక్కువున్నా పెరుగుతుంది. కొన్ని వారాలు పొడి మానేసి, ముందురోజు మాంసం తినకుండా, జిమ్‌కి వెళ్లకుండా మళ్లీ చూపించు. ఏసీఆర్ కూడా చేయించు. "జిమ్ వల్లేలే" అని నీకు నువ్వే తీర్పు ఇచ్చుకోకు, అసలైన జబ్బు కూడా అలాగే దాక్కుంటుంది.

రుజువేది · సాయంత్రం 5:25

తూముల కథ వినడానికి బాగుంది, కానీ నాకో సందేహం. వడపోత ఎక్కువుండటమే జబ్బుకి కారణమని తేలిందా? లేక షుగర్ వల్ల రెండూ విడివిడిగా జరుగుతున్నాయా? టైప్ 1 షుగర్ వాళ్లని అమెరికా, కెనడాల్లో డీసీసీటీ పరిశోధనలో దశాబ్దాలు గమనించారు. మొదట్లో అతి వడపోత ఉన్నవాళ్లలో తర్వాత కిడ్నీలు ఎక్కువగా దెబ్బతిన్నట్టు కనపడలేదని 2019లో రాశారు. మరి దీనికేమంటారు? గర్భిణులకి వడపోత 40, 50 శాతం పెరుగుతుంది. వాళ్లందరికీ కిడ్నీలు పోవడం లేదే?

ఫిజియాలజీ పంతులు · రాత్రి 9:35

మంచి ప్రశ్న. క్లాసులో ఈ ప్రశ్న అడిగే కుర్రాళ్లు ఏడాదికొకడు దొరికితే సంతోషం.

ముందు గర్భిణుల సంగతి. వాళ్లలో వచ్చే తూము, పోయే తూము రెండూ వదులవుతాయి. రక్తం ఎక్కువ పారుతుంది, వడపోత పెరుగుతుంది, జల్లెడలో ఒత్తిడి మాత్రం పెద్దగా పెరగదు. కాబట్టి అసలు దొంగ వడపోత కాదు, ఒత్తిడి. 'అతి వడపోత' అన్న పేరే కాస్త తప్పుదారి పట్టిస్తుందని నా అభిప్రాయం.

ఇది ఎలా తెలిసిందో చెబితే మీకు నచ్చుతుంది. జల్లెడలో ఒత్తిడి కొలవాలంటే అందులో సూది గుచ్చాలి, మామూలుగా అవి లోపల దాక్కుని ఉంటాయి. మ్యూనిక్ విస్టార్ అనే ఒక జాతి ఎలుకల్లో మాత్రం కొన్ని కిడ్నీ పైపొరలోనే కనపడతాయి. బారీ బ్రెన్నర్ బృందం 1971లో వాటిలో నేరుగా కొలిచింది. తర్వాత ఎలుకల కిడ్నీల్లో ఆరింట ఐదు వంతులు తీసేసి చూశారు. మిగిలిన ఆ ముక్కలో ఒక్కో నెఫ్రాన్ విపరీతంగా వడకట్టింది, కొన్నాళ్లకి మచ్చకట్టింది. ప్రొటీన్ తగ్గించి పెడితే ఆ నష్టం తగ్గింది. మొదటి దెబ్బ ఏదైనా కావచ్చు, మిగిలిన నెఫ్రాన్ల మీద పడే భారమే జబ్బును ముందుకు నెడుతుందని 1982లో ఆయన, టిమొతీ మేయర్, థామస్ హోస్టెటర్ కలిసి రాశారు.

నాకు వాటన్నిటికంటే నచ్చేది ఆ తర్వాతి ప్రయోగం. ఇలాంటి ఎలుకల్లోనే రెండు గుంపులకి బీపీ ఒకే స్థాయికి దించారు. ఒక గుంపుకి పాతకాలపు మూడు బీపీ మందులు, ఇంకో గుంపుకి యాంజియోటెన్సిన్ తయారీని తగ్గించే ఎనలాప్రిల్. చేతికి కట్టి చూసే బీపీ లాంటిది రెండింటిలోనూ సమానమే. కానీ జల్లెడలో ఒత్తిడి ఎనలాప్రిల్ గుంపులోనే తగ్గింది, కిడ్నీలు దక్కిందీ ఆ గుంపుకే. పోయే తూమును వదులు చేసింది అదొక్కటే మరి.

మీరన్న 2019 ఫలితం నిజమే, దాన్ని కాదనను. వాళ్లు టైప్ 1 వాళ్లు, చాలామందికి షుగర్ అదుపు మీద గట్టి శ్రద్ధ ఉంది. టైప్ 2 వాళ్లని ఇటలీలో గమనిస్తే, అతి వడపోత తగ్గకుండా కొనసాగినవాళ్లలో కిడ్నీ తొందరగా దిగజారిందని 2012లో వచ్చింది. అంటే ఈ ఒక్క అంకెతో జాతకం చెప్పలేం. అంకెతో పాటు ఆల్బుమిన్ కూడా జారుతుంటే అప్పుడు నాకు దిగులు.

రుజువేది · 10:02

ఒప్పుకున్నాను. సగం. ఎలుక ఎలుకే, మనిషి మనిషే.

ప్రకృతి బాట · 10:30

ఇన్ని మందులెందుకండీ. కొండపిండాకు కషాయం, పొద్దున్నే పరగడుపున రెండు లీటర్లు, రోజంతా ఆరు లీటర్ల నీళ్లు. కిడ్నీలు కడిగినట్టయిపోతాయి. మా దగ్గర పొడి కూడా దొరుకుతుంది, నంబరు

(నంబరు తీసేశాం. అమ్మకాలకి ఇక్కడ చోటు లేదు. — నిర్వాహకులు)

గుంటూరు ఘాటు · 10:41

కడగడానికి అదేమైనా వాటర్ ట్యాంకా అన్నా.

ఉద్దానం అబ్బాయి · సోమవారం ఉదయం 7:20

మాది కవిటి మండలం. మా వీధిలోనే ముగ్గురు డయాలసిస్‌కి పలాస వెళ్లొస్తున్నారు. వాళ్లలో ఇద్దరికి షుగర్ లేదు, కొబ్బరి తోటల్లో పని చేసుకునే మనుషులు. మా ఊళ్లో కూడా ఈ ఎక్కువ వడపోతే కారణమా? మరి మాకెవరికీ ఇలాంటి పెద్ద అంకెలు వచ్చినట్టు వినలేదు.

డల్లాస్ పిన్ని · 8:05

బాబూ, మీ ఉద్దానం జబ్బు దారి వేరు. అక్కడ ముందు దెబ్బ తినేది జల్లెడ కాదు, వడకట్టిన నీటిని తిరిగి పీల్చుకునే గొట్టాలు, వాటి చుట్టూ ఉండే భాగం. అందుకే యూరిన్‌లో ప్రొటీన్ అంతగా కనపడదు, బీపీ కూడా మొదట్లో మామూలుగానే ఉండొచ్చు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. కాబట్టి మీ ఊళ్లో ఏసీఆర్ బాగుందని ధైర్యంగా ఉండకండి, క్రియాటినిన్ కూడా ఏటా చూపించుకోవాలి. చాలా నెఫ్రాన్లు పోయాక మిగిలినవాటి మీద భారం పడటం మాత్రం ఏ కిడ్నీ జబ్బులోనైనా ఉంటుంది.

చెల్లెలి కిడ్నీ · మధ్యాహ్నం 1:15

నా పేరు చూసి అర్థమయ్యే ఉంటుంది, ఆరేళ్ల కిందట మా అన్నయ్యకి కిడ్నీ ఇచ్చాను. ఇది చదివితే గుండె గుభేల్‌మంది. ఉన్న ఒక్కటీ రెండింటి పని చేస్తోందంటే నాది కూడా ఆ ఎలుక కథేనా?

ఫిజియాలజీ పంతులు · 2:50

కాదమ్మా. ఎలుకకి ఆరింట ఐదు వంతులు తీశారు, మీకు తీసింది సగం. మిగిలిన కిడ్నీ పెద్దదై, ముందున్న మొత్తం వడపోతలో 60, 70 శాతం దాకా తనే చేస్తుంది. అమెరికాలో దాతల లెక్కలు చూసి 2014లో ఒక అంచనా వేశారు. జీవితకాలంలో కిడ్నీ పూర్తిగా ఆగిపోయే అవకాశం దాతల్లో పదివేల మందికి 90, అంతే ఆరోగ్యంగా ఉండి దానం చేయనివాళ్లలో 14, ఆరోగ్యం చూసి ఏరకుండా మామూలు జనంలో చూస్తే 326. దాచకుండా చెబుతున్నాను, దానం చేస్తే ముప్పు కొంచెం పెరిగే మాట నిజం. అయినా దాతల్ని ఏరి ఎంచుతారు కాబట్టి పక్కింటివాళ్ల కంటే మీరే నయం. బరువు పెరగనివ్వకండి, బీపీ, షుగర్, ఏసీఆర్ ఏటా చూపించుకోండి.

చెల్లెలి కిడ్నీ · 3:04

ఆ మూడో అంకె చూశాక ఊపిరి పీల్చుకున్నాను. అన్నయ్య బాగున్నాడు, మొన్న మనవరాలి అన్నప్రాశన కూడా చేశాడు.

కొత్తపేట కుర్రోడు · తర్వాతి శనివారం రాత్రి 8:50

ఏసీఆర్ వచ్చింది: 68. ముప్పై లోపు ఉండాలట. జ్వరం, యూరిన్ ఇన్ఫెక్షన్, గట్టి వ్యాయామం ఉన్నా పెరుగుతుందని, మళ్లీ చేయించి నిర్ధారించుకుంటామని డాక్టరు గారు అన్నారు. నాన్న గుర్తొచ్చి రాత్రి నిద్ర పట్టలేదు. నాన్నకి ఈ పరీక్ష ఎవరూ ఎప్పుడూ రాయలేదు. కాళ్లు వాచాకే మాకు తెలిసింది.

కొత్తపేట కుర్రోడు · రెండున్నర నెలల తర్వాత

రెండోసారి 74. టెల్మిసార్టాన్, డాపాగ్లిఫ్లోజిన్ మొదలుపెట్టారు. మూడు వారాలకి పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 0.61 నుంచి 0.74కి పెరిగింది, ఇజిఎఫ్ఆర్ 129 నుంచి 122కి పడింది! మా కొలీగ్ "ఆ మందులే నీ కిడ్నీలు తినేస్తున్నాయి, వెంటనే ఆపెయ్" అంటున్నాడు. రేపటి మాత్ర వేసుకోవాలా వద్దా?

ఫిజియాలజీ పంతులు · అదే రోజు

వేసుకోండి. ఆపాలంటే డాక్టరు గారే ఆపాలి, కొలీగ్ కాదు.

మనం కోరుకున్నది అదే కదండీ. టెల్మిసార్టాన్ పోయే తూమును వదులు చేసింది. డాపాగ్లిఫ్లోజిన్ వచ్చే తూమును కాస్త దించింది. అదెలా అంటే, వడకట్టిన నీటిలోంచి చక్కెరనీ ఉప్పునీ కలిపి వెనక్కి పీల్చే పంపు ఒకటి గొట్టం మొదట్లో ఉంది. షుగర్‌లో అది అతిగా పీల్చేస్తుంది. కింద కాపలా ఉన్న కణాలకి ఉప్పు తక్కువగా చేరుతుంది, "పైనుంచి నీళ్లు రావడం లేదు కాబోలు" అనుకుని వచ్చే తూము ఇంకా ఎత్తిస్తాయి. ఈ మందు ఆ పంపును ఆపుతుంది, ఉప్పు కిందికి చేరుతుంది, కాపలావాడికి నిజం తెలుస్తుంది. టొరంటోలో 2014లో అతి వడపోత ఉన్న టైప్ 1 వాళ్లకి ఇదే జాతి మందు ఎనిమిది వారాలు ఇస్తే వడపోత 172 నుంచి 139కి దిగింది. (అలాగని టైప్ 1 వాళ్లు సొంతంగా వాడకూడదు, రక్తం ఆమ్లంగా మారే కీటోఅసిడోసిస్ ప్రమాదం ఉంది.) ఈ రకం మందులకి మూలం ఆపిల్ చెట్టు వేరు బెరడులో 1835లో దొరికిన పదార్థమంటే మా పిల్లలు నమ్మేవారు కాదు.

మొదట్లో ఈ చిన్న తగ్గుదల ఉంటుంది, తర్వాత ఏళ్ల మీద దిగజారడం నెమ్మదిస్తుంది. 2020లో వచ్చిన డాపా (డాపాగ్లిఫ్లోజిన్) పరిశోధనలో 4,304 మంది ఉన్నారు, మూడోవంతుకి షుగరే లేదు. కిడ్నీ సగం దెబ్బతినడం, ఆగిపోవడం, కిడ్నీ లేదా గుండె జబ్బుతో చనిపోవడం, అన్నీ కలిపి చూస్తే 39 శాతం తగ్గాయి. రుజువేది గారూ, ఈసారి ఎలుకలు కాదు, మనుషులే!

క్రియాటినిన్ 30 శాతం కంటే ఎక్కువ పెరిగితే మాత్రం ఎందుకో వెతకాలి. మీకు పెరిగింది సుమారు 21 శాతం. పొటాషియం కూడా చూశారో లేదో అడగండి.

డల్లాస్ పిన్ని · అదే రోజు

వాంతులు, విరేచనాలు పట్టుకుని నీళ్లు నిలవని రోజున ఈ రెండు మందులూ కొనసాగించాలా అని వెంటనే డాక్టరుకి ఫోన్ చెయ్యి, చాలాసార్లు తగ్గేదాకా ఆపమంటారు. ఆపరేషన్ ఏదైనా ఉంటే డాపా మూడు రోజుల ముందే ఆపాలి. మర్మాంగాల దగ్గర ఫంగస్ దురద రావచ్చు, సిగ్గుపడి దాచుకోకు. చదువుతున్న ఆడపిల్లలు ఎవరైనా ఉంటే, గర్భం వచ్చినా, రావాలనుకుంటున్నా టెల్మిసార్టాన్ లాంటివి వాడకూడదు, ముందే చెప్పి మార్పించుకోండి.

రుజువేది · అదే రోజు

మిగతా సగం కూడా ఒప్పుకున్నాను.

మల్లెతీగ · నాలుగు రోజుల తర్వాత

ఆలస్యంగా చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి. అమ్మకి సిస్టాటిన్ సి చేయించాం. 0.95 వచ్చింది, దాని ప్రకారం లెక్కేస్తే 75. ఏసీఆర్ బాగానే ఉంది. ఈ వయసుకి పరవాలేదన్నారు కానీ నొప్పి మాత్రలు మాన్పించి, పారాసిటమాల్, ఫిజియోథెరపీ రాశారు. నొప్పి తగ్గలేదని రోజూ నన్ను తిడుతోంది.

కొత్తపేట కుర్రోడు · ఆరు నెలల తర్వాత

బరువు 85. ఏసీఆర్ 33. ఇజిఎఫ్ఆర్ 121. మా అన్నయ్యకి కూడా షుగర్ ఉంది, వాడిని లాక్కెళ్లి ఏసీఆర్ చేయించాను. ఎల్లుండి వస్తుంది.

గుంటూరు ఘాటు · అదే రోజు

129 నుంచి 121కి పడిపోయినందుకు పార్టీ అడగాల్సిన రోజులొచ్చాయి. సరే, బిర్యానీ వద్దులే, టీ ఇప్పించు. చక్కెర లేకుండా. మా బావని కూడా తీసుకొస్తాను, పంతులు గారి ఊరు ఎక్కడో కనుక్కోమన్నాడు.